మహేంద్రగిరి ఒక్కరోజులో: చీకట్లో కదలాలా, తెల్లారాకా?

పలాస_నడక: డిసెంబరులో ఆరుగురం శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కి అదే రోజు దిగిపోదామనుకుంటున్నాం. నాలుగింటికే లైట్లు వేసుకుని బయల్దేరదామని సగం మంది, తెల్లారాక చూద్దామని సగం మంది. ఏది మేలు?

కొండమెట్టు: నాలుగింటికే. శిఖరం 1,501 మీటర్లు. కింది పల్లెల నుంచి దాదాపు 1,400 మీటర్ల ఎత్తు ఎక్కాలి. కొత్తవాళ్ళున్న జట్టు గంటకి 300 మీటర్లు ఎక్కితే గొప్ప. ఎక్కడానికి అయిదు గంటలు, దిగడానికి మూడున్నర, పైన గుళ్ళు చూసి తినడానికి గంట. మొత్తం తొమ్మిదిన్నర. డిసెంబరు నడిమిలో మన దగ్గర పొద్దు పొడిచేది 6:15 దాటాక, పడిపోయేది 5:15 ప్రాంతంలో. మిగిలేది గంటన్నర. ఒక్కరికి పిక్క పట్టేస్తే అదీ పోతుంది.

ఉద్దానం_వాసి: లెక్కలో ఎలుగుబంటిని కలపలేదండి. రాత్రంతా మేసి అది కొండకి మళ్ళే వేళ అదే. దానికి చూపు ఆనదు, వినికిడీ అంతంతే. చెదల పుట్టలో మూతి పెట్టి బుసబుసా పీలుస్తున్నప్పుడు మీరు పది అడుగుల్లోకి వచ్చినా తెలీదు. తెలిసేసరికి బెదిరి మీదపడుతుంది, అదీ మొహం మీదకే. పొదల మధ్య తలలైటు వెలుగు నాలుగు బారలు దాటదు. తెల్లారాకే కదలండి.

కొండమెట్టు: ఎలుగులు జీడిపళ్ళకి కదా తోటల్లోకి దిగేవి? డిసెంబరులో జీడికి పూతే ఉంటుంది.

ఉద్దానం_వాసి: జీడి లేకపోతే రేగుపళ్ళున్నాయి, చెదలైతే ఏడాదంతా ఉంటాయి. పుట్ట పక్కన కొత్తగా తోడిన మట్టి ఇంకా తడిగా కనబడితే ఆగండి, గట్టిగా మాట్లాడండి, కర్రతో రాయి మీద కొట్టండి. చెవుల్లో పాటలు పెట్టుకుని ముందు నడిచే కుర్రాళ్ళకి ఇది రెండుసార్లు చెప్పాలి.

చోడంబలి: మీరిద్దరూ బయల్దేరే టైం గురించే కొట్టుకుంటున్నారు. తిరుగు టైం ఎవరూ అనరేటి? 12:30కి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, శిఖరం కళ్ళ ముందున్నా సరే. ఈ మాట కిందే అనుకోవాలి. పైకి వెళ్ళాక ఎవరూ ఒప్పుకోరు.

నా ఓటు 6 గంటలకి. దారి కనబడే వెలుగు అప్పటికే వచ్చేస్తుంది. 5:30కే టిఫిను, సంచులు సర్దడం అయిపోవాలి. ఆరుగురి జట్టు గంట పోగొట్టుకునేది అక్కడే.

నీళ్ళు మనిషికి నాలుగు లీటర్లు. బరువని రెండుతో సరిపెడతారు, పదింటికి నాలుక పిడచకట్టుకుపోతుంది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి కలపాలి. గ్లాసుడు నీళ్ళలో కలిపేస్తే ఉప్పు ఎక్కువై దాహం ఇంకా పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరుకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి. పులిహోర కట్టండి, కొబ్బరి చట్నీ వద్దు, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. చోడంబలి, అదే రాగి అంబలి, నాకూ ఇష్టమే గానీ మూత బిగించిన సీసాలో పోయకండి. పులిసి గ్యాస్ పట్టి, తీయగానే సగం చొక్కా మీదకే.

పలాస_నడక: పైన స్వెటర్ కావాలా?

చోడంబలి: ఎక్కేటప్పుడు వద్దు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. అంటే కింద 26 ఉంటే పైన 17 చుట్టుపక్కల. అసలు బాధ తడి చొక్కా, దాని మీద గాలి. పొడి చొక్కా ఒకటి పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టుకోండి. పైకి వెళ్ళగానే మార్చేయండి, ఫొటోలు తర్వాత.

కొండమెట్టు: 6 గంటలంటే నాకింకా మనసొప్పడం లేదు. 12:30కి తిరిగితే ఎక్కడానికి మిగిలేది ఆరున్నర గంటలు. ఆరుగురిలో ఇద్దరు నెమ్మదస్తులైతే గుళ్ళ దగ్గర కూర్చునే టైం కూడా ఉండదు. కాకపోతే ఒకటి చేయొచ్చు. శిఖరం ఒడిశాలో ఉంది, పర్లాకిమిడి వైపు నుంచి పైకి బండి దారి ఉంది. జీపు ముందే మాట్లాడుకుంటే దిగే నడక తప్పుతుంది, నాలుగింటి గొడవా ఉండదు. పైకి వెళ్ళాక ఫోను చేద్దాంలే అనుకోవద్దు, సిగ్నల్ని నమ్మలేం.

ఉద్దానం_వాసి: జీపు ఉన్నా లైట్లు మానొద్దు. మనిషికొకటి, సెల్‌ఫోను లైటు లెక్కలోకి రాదు. ఒక బ్యాటరీ తిరగేసి పెట్టండి, సంచిలో నొక్కుకుని దానంతటదే వెలగదు.