అల్సర్ రాకుండా అతిమధురం కాపాడుతుందా?

పాతకాపు:
మోకాళ్ల నొప్పులకు రోజూ పెయిన్‌కిల్లర్ వేసుకోక తప్పట్లేదు. కడుపులో పుండు పడకుండా డాక్టరుగారు ఒమెప్రజోల్ రాశారు. అది మానేసి అతిమధురం ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్ వేసుకుందామని ఉంది. అల్సర్ రానివ్వదని ప్రయోగాల్లో రుజువైనట్టు డబ్బా మీదే రాశారు. మీరేమంటారు?

వేపపుల్ల:
నిక్షేపంగా వాడండి. తరతరాలుగా వాడుతున్న మూలిక. ఇంతకంటే పెద్ద ప్రయోగం ఇంకేం కావాలి?

ఎలుకలబోను:
ఆ 'ప్రయోగాలు' రెండేళ్లు నేనే చేశాను, చెప్తా వినండి. ఎలుకను ఒక రోజు పస్తు ఉంచుతాం. ఎక్స్‌ట్రాక్ట్ తాగిస్తాం. గంటాగి, నీళ్లు కలపని ఆల్కహాల్ ఒక మిల్లీలీటరు గొట్టంతో నేరుగా కడుపులోకి పంపుతాం. మరో గంటకు జీర్ణాశయం బయటికి తీసి, పెద్ద వంపు వెంబడి కత్తిరించి, మైనపు పలక మీద గుండుసూదులతో పరిచి, భూతద్దంలో పుళ్లు లెక్కపెడతాం. ఎక్స్‌ట్రాక్ట్ పడని ఎలుకకు ముదురెరుపు చారలు, గోళ్లతో గీరినట్టు. ఎక్స్‌ట్రాక్ట్ పడినదానికి లేత గులాబీ రంగు, ఎక్కడో ఒక చుక్క. కళ్లారా చూస్తే ఎవరికైనా గురి కుదురుతుంది, నాకూ కుదిరింది. తీరా చూస్తే తెచ్చిన ప్రతి ఆకూ దాదాపు అలాగే కాపాడింది! వగరో జిగురో ఉన్నదేదైనా లోపలి పొరకు పూతలా పట్టి ఆల్కహాల్‌ను కాసేపు ఆపుతుంది మరి.

మనుషుల్లో ఎక్కువ పుళ్లకు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, లేదంటే పెయిన్‌కిల్లర్లు. పెయిన్‌కిల్లర్ ఇంజెక్షన్‌గా ఇచ్చినా కడుపులో పుండు పడొచ్చు. ఎందుకంటే అది రక్తంలోంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే, కడుపు పొరను కాపాడే రసాయనాలను తగ్గించి, కడుపు తనను తాను కాపాడుకునే శక్తిని దెబ్బతీస్తుంది. దానికి పైపూత ఏం చేస్తుంది?

మోతాదు సంగతీ చూడండి. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములు ఇచ్చేవాళ్లం. మనిషికి లెక్కగట్టడానికి సుమారు 6తో భాగిస్తారు. 60 కిలోల మనిషికి దాదాపు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు ఎనిమిది.

వేపపుల్ల:
ఎలుకల్ని పక్కన పెట్టండి. 1960ల్లో బ్రిటన్‌లో అతిమధురంలోని పదార్థం నుంచే కార్బెనాక్సలోన్ తయారుచేశారు. మనుషులకే ఇచ్చారు, పుళ్లు మానాయి కూడా. మొక్క అనగానే అంత మూతి విరుపు ఎందుకండీ?

ఎలుకలబోను:
ఈ పాయింటు ఒప్పుకుంటాను. ఆ మందు ఎందుకు మూలపడిందో కూడా చెప్పాలిగా మరి. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోయి బీపీ పెరిగేది, పొటాషియం పడిపోయేది. 1970ల్లో కడుపులో ఆమ్లం తగ్గించే సిమెటిడిన్ అనే మందు వచ్చాక దాని అవసరం తగ్గిపోయింది. అతిమధురంలోని గ్లిసరైజిన్‌కూ అదే గుణం ఉంది.

నిద్రమొహం:
మధ్యలో దూరుతున్నా. గ్లిసరైజిన్ తీసేసిన రకం, డీజీఎల్ అంటారు, అది దొరుకుతుంది కదా?

ఎలుకలబోను:
దానితో బీపీ బెడద చాలావరకు ఉండదు. పుండు మాన్పడంలో మాత్రం పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు.

వేపపుల్ల:
పుండుకు బ్యాక్టీరియా కారణమంటే కూడా మొదట నవ్వారు. 1984లో బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఆ క్రిములున్న ద్రవం గటగటా తాగేశాడు, 2005లో నోబెల్ వచ్చింది. రేపు మొక్కల విషయమూ అంతే.

ఎలుకలబోను:
ఆయన తాగింది తన కడుపులోకండీ, ఎలుకకు పట్టలేదు.

పాతకాపు:
డబ్బా మళ్లీ తిరగేశాను. ప్రయోగాలు ఎవరి మీద చేశారో ఎక్కడా లేదు. అన్నట్టు నేను బీపీ మాత్ర కూడా వేసుకుంటాను, చెప్పడం మరిచాను.

ఎలుకలబోను:
అది ముందు చెప్పాలి కదండీ! ఒమెప్రజోల్ ఆపకండి. ఆ డబ్బా పట్టుకెళ్లి డాక్టరుగారికే చూపించండి.

వేపపుల్ల:
బీపీ ఉందంటే నేనూ వద్దనే అంటాను. ఎలుకలబోనుగారూ, మీతో వాదన మాత్రం అయిపోలేదు. వగరుకు పూత గుణం ఉందని మీరే అన్నారు, అది మంచి గుణమే కదా?