1978 పద్మినికి జిప్సీ ఇంజిన్ వేయించాలా, పాతదే బాగు చేయించాలా?

గుంటూరు పద్మిని:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1978లో కొన్న ప్రీమియర్ పద్మిని నా దగ్గర ఉంది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చిన బండి. నాన్నగారు పోయాక మూడేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఈమధ్యే బయటికి తీసి బ్రేకులు, టైర్లు, వైరింగ్ చేయించాను. స్టార్టవుతోంది కానీ నీలం పొగ వస్తోంది, కాస్త దూరం పోతే వేడెక్కుతోంది. మెకానిక్ చూసి "ఈ ఇంజిన్ పనైపోయింది సార్, మారుతి జిప్సీ 1300 ఇంజిన్ గేర్‌బాక్స్‌తో సహా దొరుకుతుంది, వేసేద్దాం, ఏసీ కూడా లాగుతుంది" అంటున్నాడు. అమ్మకు 76 ఏళ్లు. ఆ బండిలోనే ఒకసారి బాపట్ల దగ్గర పుట్టింటికి వెళ్లాలని ఆమె కోరిక. నాకు రిపేర్ల అనుభవం లేదు. ఏం చేయమంటారు?

అంబాసిడర్ రోజువారీ, హైదరాబాద్:
వేయించేయండి. నా అంబాసిడర్‌లో పాత 1489 సీసీ ఇంజిన్ తీయించి 1800 ఇసుజు ఇంజిన్, దాని ఐదు గేర్ల బాక్స్ వేయించాను. ఎనిమిదేళ్లుగా ఆఫీసుకి అందులోనే వెళ్తున్నాను. నాకు తెలిసినవాళ్లు నలుగురు "ఒరిజినల్, ఒరిజినల్" అంటూ బండ్లు కొన్నారు. నాలుగూ కవర్ల కింద ఉన్నాయి. పార్టు కోసం ఆరు నెలలు, మెకానిక్ కోసం ఇంకో ఆరు నెలలు. నడవని బండి త్వరగా పాడవుతుంది. ట్యాంకు తుప్పు పడుతుంది, సీళ్లు ఎండిపోతాయి, బ్రేక్ సిలిండర్లు పట్టేస్తాయి. అమ్మగారి కోరిక తీరాలంటే బండి కదలాలి కదండీ.

ఆటోనగర్ లేత్, విజయవాడ:
తమ్ముడూ, ఇంజిన్ పనైపోయిందని ఆయన ఏం చూసి చెప్పాడు? పొగ చూసి చెబితే నమ్మొద్దు. ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పొగ చూసి తీసి పక్కన పడేసిన మంచి ఇంజిన్లు నా షాపుకి ఎన్నో వచ్చాయి.

ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూపించు. ఇంజిన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, గేజ్ పెట్టి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. నాలుగు సిలిండర్లకూ వచ్చిన అంకెలు రాసుకో. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టు. అంకె పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు, అది హెడ్ (సిలిండర్ల మీది మూత) పని మాత్రమే. రెండిటి ఖర్చుకీ చాలా తేడా.

నీలం పొగ ఎప్పుడొస్తోందో కూడా గమనించు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వ్ గైడ్ల మీద అనుమానం. బండి లాగుతున్నప్పుడల్లా వస్తే రింగులు. వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ లైటు మిణుకుమంటే బేరింగులు చూడాలి. ఒకవేళ బోరే పోయినా అది పెద్ద సంగతి కాదు. 68 మిల్లీమీటర్ల బోరు, దాన్ని సాపు చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయడం లేత్ తెలిసినవాడికి మామూలు పని.

మూడక్షరాల నంబరు, రాజమండ్రి:
లేత్ మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే నేను మీ మెకానిక్ చెప్పిన పనే ఒకసారి చేయించి బాధపడ్డవాణ్ణి.

నాది 1974 బండి. పద్నాలుగేళ్ల క్రితం వేరే ఇంజిన్ వేయించాను. ఇంజిన్ పట్టడానికి మౌంటింగులు గ్యాస్ కటింగ్‌తో కోసి కొత్తవి వెల్డింగ్ చేశారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చారు. ఫ్లోరు మధ్యలో రంధ్రం పెట్టి గేరు రాడ్డు పైకి తెచ్చారు. దాంతో స్టీరింగ్ పక్కనే ఉండే గేరు రాడ్డు పోయింది. పద్మినిలో కూర్చున్న మనిషికి చేతికి తెలిసేది ఆ గేరేనండీ. ముందు సీటు బెంచీలా ఒకటే ఉండి, ముగ్గురు హాయిగా కూర్చుని, మధ్యలో ఏ రాడ్డూ అడ్డం లేకుండా వెళ్లడం ఆ గేరు వల్లే కుదిరింది. మా చిన్నతనంలో ఆ మధ్య స్థానం నాది. అది నేనే తీయించేశాను. రెండేళ్ల తర్వాత మళ్లీ పాత ఇంజిన్ పెట్టాలనుకుంటే, కోసేసిన ఇనుము తిరిగి రాలేదు. ఇంకో పాడైన పద్మిని కొని దాని ముందు భాగం అతికించాల్సి వచ్చింది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. తయారీదారు ఇచ్చిన వివరాలు, ఆర్‌సీలో ఉన్న వివరాలు, బండిలో ఉన్నవి ఒకటిగా ఉండాలి. వేరే కంపెనీ ఇంజిన్ నంబరుతో ఫిట్‌నెస్‌కి వెళ్తే అక్కడే ఆగిపోతుంది. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. ఇంకొకటి, 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదన్నది షరతు. మీ బండికి 2028లో 50 నిండుతాయి. ఇంత దగ్గరికి వచ్చి ఇంజిన్ మార్చుకుంటారా?

అంబాసిడర్ రోజువారీ, హైదరాబాద్:
వీఏ నంబరు మాట ఎత్తారు కాబట్టి మిగతాది కూడా చెప్పాలి. ఆ నంబరు తీసుకున్న బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, రిపేరు లాంటివాటికే. పుట్టింటికి వెళ్లడం ఆ జాబితాలో లేదు. అమ్మగారిని ఎక్కించుకుని తిరగాలనుకునే ఆయనకి అది ఎందుకు? చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఉంది. దాన్ని చూస్తే నాకూ గౌరవమే. కానీ ఇది ఇంటి బండి.

మోరిస్ మైనర్, బర్మింగ్‌హామ్:
ఇద్దరి మాటల్లో ఒక తేడా కనిపిస్తోంది. హైదరాబాద్ అన్న వేయించిన 1800 ఇంజిన్‌ని హిందుస్తాన్ మోటార్సే 1990ల్లో అంబాసిడర్‌లో పెట్టి అమ్మింది. అంటే ఆ బండికి ఆ ఇంజిన్ పరాయిది కాదు. ఇక్కడ మోరిస్ మైనర్ ఉన్నవాళ్లు చాలామంది 1098 సీసీ ఇంజిన్ తీసి అదే కుటుంబానికి చెందిన 1275 వేసుకుంటారు, ముందు డిస్క్ బ్రేకులు పెట్టుకుంటారు. ఎవరూ తప్పు పట్టరు. పద్మినిలో జిప్సీ ఇంజిన్ అలాంటిది కాదు. పైగా నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న బండికి, బ్రేకులు మార్చకుండా వేగం పెంచడం నాకు భయంగా అనిపిస్తుంది.

మూడక్షరాల నంబరు, రాజమండ్రి:
అన్నా, రోజూ తిప్పాలన్న మీ మాటతో నాకు తగాదా లేదు. నా బండి పాత 1089 ఇంజిన్‌తో వారానికి రెండుసార్లు రోడ్డెక్కుతుంది. వీఏ నంబరు ఇష్టం లేకపోతే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. గుంటూరు నుంచి బాపట్ల యాభై కిలోమీటర్లు. ఆ ఇంజిన్ అంతకంటే ఎంతో దూరం కుటుంబాల్ని మోసింది.

వేడెక్కడం గురించి: మూడేళ్లు నిలబడ్డ బండిలో రేడియేటర్ మడ్డితో నిండి ఉంటుంది. దాన్ని విప్పించి రాడ్డింగ్ (లోపలి గొట్టాల్లో రాడ్డు దూర్చి శుభ్రం) చేయించండి, థర్మోస్టాట్ చూడండి, హోసులు మార్చండి. హెడ్ అల్యూమినియంది, వేడికి వంగుతుంది. కాబట్టి అది సరయ్యేదాకా దూరం తిప్పకండి. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం కూడా కొత్తవి వేయండి. ఇప్పుడొచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. బండి నిలబెట్టేటప్పుడు ట్యాంకు సగం ఖాళీగా వదలకండి, ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. మే నెలలో దారిలో ఆగిపోతే కంగారు పడొద్దు. పంపు దగ్గర పెట్రోలు ఆవిరవుతుంది. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే చాలు. ముందు చక్రాలు పక్కకి తిరిగే కింగ్‌పిన్‌లకు గ్రీజు మాత్రం మరవకండి.

గుంటూరు పద్మిని:
మెకానిక్ వద్దన్నా పక్కనే నిలబడి కంప్రెషన్ చూపించాను. ఒకటో సిలిండర్ 120, రెండోది 115, మూడోది 65, నాలుగోది 118. మూడో దాంట్లో ఆయిల్ పోసినా 70 దాటలేదు. పొగ కూడా పొద్దున స్టార్ట్ చేసినప్పుడే ఎక్కువ. అంటే లేత్ మాస్టారు చెప్పినట్టు హెడ్ పనే.

అంబాసిడర్ రోజువారీ, హైదరాబాద్:
అయితే హెడ్ చేయించండి. ఏడాదిలో బోరు కూడా పోతే మాత్రం నా మాట ఇంకోసారి ఆలోచించండి. ఏసీ లేకుండా మే నెలలో పెద్దావిడని తీసుకెళ్లొద్దు.

గుంటూరు పద్మిని:
ప్రయాణం కార్తీకంలో పెట్టుకుంటామండీ. జిప్సీ ఇంజిన్‌కి అడ్వాన్స్ ఇవ్వలేదు, వద్దని చెప్పేశాను. అమ్మకి సీటు మధ్యలో రాడ్డు వస్తుందన్న సంగతి చెబితే "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది. మాస్టారూ, హెడ్ విప్పించి మంగళవారం ఆటోనగర్ తెస్తాను. షాపు ఎన్నింటికి తెరుస్తారు?

ఆటోనగర్ లేత్, విజయవాడ:
తొమ్మిదింటికి. మానిఫోల్డ్ స్టడ్లు బలవంతంగా తిప్పొద్దని చెప్పు, ముందు రోజు రాత్రే ఆయిల్ పోసి నాననివ్వండి. పాత గాస్కెట్ పారేయకుండా తీసుకురా, ఏ సిలిండర్ దగ్గర కాలిందో దాన్ని చూస్తే తెలుస్తుంది.