పాపకు సరిపోయే సీపీ చైర్ ఇచ్చే ట్రస్టులు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం దగ్గర పల్లె. మా పాపకు ఏడేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే మెదడులో లోపం వల్ల కండరాలు అదుపులో ఉండవు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 80 శాతం అని ఉంది. అన్నీ అర్థమవుతాయి, తమ్ముడితో పోట్లాడుతుంది కూడా. నడుము మాత్రం నిలవదు.

ఏడాదిన్నర కిందట ఒక క్యాంపులో వీల్‌చైర్ ఇచ్చారు. కొలతలేం తీసుకోలేదు, పెద్దవాళ్ళ సైజు. కూర్చోబెడితే పది నిమిషాల్లో పక్కకు ఒరిగి జారిపోతోంది. ఇప్పుడు దాని మీద బట్టలు ఆరేస్తున్నాం, ఏం చేస్తాం. మా నాన్న ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు కోసి, తువ్వాలుతో కట్టి కూర్చోబెడితే అందులోనే అన్నం పెడుతున్నాను. తల వెనక్కి వాలితే పొలమారుతుంది. నా టెన్షనంతా అదే.

భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల సర్కారు కేంద్రం) ఫిజియోథెరపీ మేడమ్ చూసి తలకు, ఛాతీకి ఆసరా, నడుముకు బెల్టు, పాదాల కింద పలక ఉండే సీపీ చైర్ కావాలన్నారు. వీలైతే ఆసరాతో నిలబెట్టే స్టాండింగ్ ఫ్రేమ్ కూడా. వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకంలో ఒకసారి సాయం తీసుకుంటే మూడేళ్ళు ఆగాలి, పన్నెండేళ్ళ లోపు పిల్లలకైతే ఏడాది చాలు అని ఆవిడే చెప్పారు. కానీ మళ్ళీ క్యాంపులో ఇచ్చేది కూడా అలాంటిదే అయితే?

పాప కొలత తీసి కుర్చీ చేయించి ఇచ్చే ట్రస్టు విశాఖలో గానీ హైదరాబాద్‌లో గానీ మీకు తెలుసా? వికలాంగుల ఉపకరణాలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో నుంచి సీపీ చైర్ తీసుకున్నవాళ్ళు ఎవరికి అర్జీ పెట్టారు? మీ పిల్లలు పెరిగి, పాత కుర్చీ ఖాళీగా ఉన్నా చెప్పండి, వచ్చి తీసుకెళ్తాం. డబ్బు అడగడం లేదండీ, ఎవరిని కలవాలో తెలిస్తే చాలు. సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు రెండూ ఉన్నాయి.