24 డిస్కులకు రెయిడ్ గ్రూపులు ఎలా విడగొట్టాలి?

ప్రశ్న: షెల్ఫులో (డిస్కులు అమర్చే పెట్టె) 8 టీబీ డిస్కులు 24 ఉన్నాయి, బ్యాకప్ కోసం. 22 డిస్కులతో ఒకే రెయిడ్ 6 గ్రూపు (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే ఏర్పాటు), 2 స్పేర్లు (ఏదైనా పోతే దాని చోటు తీసుకునే ఖాళీ డిస్కులు) పెడదామనుకుంటున్నాను. 160 టీబీ వస్తుంది. ఇబ్బందేమైనా ఉందా అండీ?

జవాబు 1: 11 చొప్పున రెండు గ్రూపులు చేయండి. ఒక్కోదాంట్లో 9 డేటా, 2 పారిటీ (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టడానికి వాడే సమాచారం). 16 టీబీ తగ్గి 144 వస్తుంది, కానీ ఆ 16 కోసం ఆశపడొద్దు. సెకనుకు 150 ఎంబీ లెక్కన 8 టీబీ డిస్కు రీబిల్డుకే (పోయిన డిస్కులోని డేటాను స్పేర్ మీద తిరిగి రాయడానికే) సుమారు 15 గంటలు, అదీ వేరే లోడు లేకపోతేనే. అంతసేపూ గ్రూపులో మిగిలిన డిస్కులన్నీ చదువుతూనే ఉండాలి. 22 ఉంటే ఇంకోటి పోయే అవకాశం పెరుగుతుంది.

జవాబు 2: పై మాటే కరెక్టు. స్పేర్లు రెండు గ్రూపులకూ కలిపి గ్లోబల్‌గా పెట్టండి, సైజు డేటా డిస్కుకు తగ్గకూడదు. వారానికోసారి స్క్రబ్ (డిస్కులన్నీ చదివి లోపాలు సరిచేయడం) తప్పనిసరి. లేకపోతే ఎప్పుడూ చదవని సెక్టార్లలోని లోపాలు సరిగ్గా రీబిల్డు మధ్యలో బయటపడతాయి.

ప్రశ్న అడిగినవారు: తర్వాత 3 డిస్కులు కలపొచ్చా?

జవాబు 1: 3తో కొత్త గ్రూపు మాత్రం వద్దు. 2 పారిటీకే పోతాయి, కొత్త రాతల్లో ఎక్కువ భాగం మిగిలిన ఒక్క డిస్కు మీద పడి పూల్ (గ్రూపులన్నీ కలిసిన నిల్వ) మొత్తం నెమ్మదిస్తుంది. 11 ఒకేసారి కొనండి.