మన గ్రౌండ్‌ల పెరిగిన పిల్లగాడు పోతే తప్పెవరిది? చెల్సీ అమ్మకాల మీద మొదలైన చర్చ

కోభమ్_కాజీపేట
మొన్న టీ కాడ ఈ లొల్లి సగంలనే ఆగింది, ఇక్కడ పూర్తిగ రాస్తున్న. 2021ల పోర్టో ఊర్ల అయిన చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్ యాది చేసుకోండ్రి. మాంచెస్టర్ సిటీ మీద మా చెల్సీకి హావర్ట్జ్ గోల్ కొట్టిండు, ఆ పాస్ మౌంట్‌ది. ఆరేండ్లప్పుడే చెల్సీల చేరిన పిల్లగాడు. 2023ల వాణ్ని మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మేసిర్రు. 2024ల ఇంకో అకాడమీ పిల్లగాడు గాలగర్‌ను స్పెయిన్ క్లబ్బు అట్లెటికోకు పంపిర్రు.

దీనెన్క ఉన్నది లెక్కల పుస్తకం. బయట కొన్న ఆటగాని ధరను కాంట్రాక్టు ఏండ్ల మీద పంచి రాస్తరు. సొంత అకాడమీ పిల్లగాన్ని కొన్న ధర సున్నా, అందుకే వాణ్ని అమ్మితే వచ్చిందంతా ఆ ఏడే లాభం కింద పడ్తది. నష్టాలకు ప్రీమియర్ లీగ్ హద్దు పెట్టింది కాబట్టి, కొత్తోళ్లను కొనాల్నంటే ఇంట్ల పెరిగినోణ్ని అమ్ముడే సులువైపోయింది. పిల్లలను పెంచేది జెర్సీ వేసెతందుకా, అమ్మెతందుకా? తప్పు క్లబ్బుదే.

ఓరుగల్లు_రెడ్
మౌంట్ ముచ్చట సగమే చెప్పినవ్ అన్నా. కాంట్రాక్టు ఒక్క ఏడే మిగిలింది, కొత్తది కుదరలే. అమ్మకపోతే ఉత్తగ పోతుండె. ఆ బాధ మా యునైటెడోళ్లకు తెలుసు. 2012ల పోగ్బా ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు పోయిండు, వాణ్నే 2016ల 8.9 కోట్ల పౌండ్లు పెట్టి తెచ్చుకున్నం. 2022ల మళ్ల ఉత్తగనే పోయిండు. పిల్లలకు ఓపిక లేదు.

సుబేదారి_రాత్రిమ్యాచ్
పోగ్బాను ఆడనిచ్చిర్రా అప్పుడు?

ఓరుగల్లు_రెడ్
19 ఏండ్ల పిల్లగాడు తమ్మీ. ఇంకో ఏడు ఆగితే చాన్స్ వచ్చేది.

సుబేదారి_రాత్రిమ్యాచ్
2011 డిసెంబర్ 31, బ్లాక్‌బర్న్ మ్యాచ్. మిడ్‌ఫీల్డర్లు లేక డిఫెండర్ రఫాయెల్‌ను మిడ్‌ఫీల్డ్‌ల దింపిర్రు, పోగ్బాను దింపలే. 3-2 ఓడిపోయిర్రు. ఆ రోజు కూడ ఆడనియ్యకపోతే ఇంకెప్పుడు ఆడనిస్తరు?

ఓరుగల్లు_రెడ్
ఒక్క మ్యాచ్ పట్టుకొని మాట్లాడకు. ఆ సీజన్ మొత్తం చూడు.

కోభమ్_కాజీపేట
మీరు పోగ్బా కాడనే ఆగిపోయిర్రు. మా చెల్సీ దగ్గర డెక్లన్ రైస్‌ను 14 ఏండ్లకే వద్దని పంపిర్రు, వెస్ట్ హామ్ తీసుకున్నది. ముసియాలా 2019ల జర్మనీ క్లబ్బు బాయర్న్‌కు పోయిండు. ఒకణ్ని మేమే పంపినం, ఒకడు తనే పోయిండు, మౌంట్‌ను అమ్మినం. మూడు తీర్ల పోగొట్టుకున్నం.

జేఎన్ఎస్_టచ్‌లైన్
మీరిద్దరు పోగ్బాను యునైటెడ్ పిల్లగాడని రాస్తున్రు. కాదు. చిన్నప్పుడు ఆడింది ఫ్రాన్స్‌ల రోయిస్సీ-ఆన్-బ్రీ అనే చిన్న ఊరి క్లబ్బుల. తర్వాత టోర్సీ, ఆ తర్వాత లె హావ్ర్. 2009ల 16 ఏండ్లప్పుడు యునైటెడ్ తీస్కపోతే లె హావ్ర్ వాళ్లు పేపర్లకెక్కి కొట్లాడిర్రు. మీరు ‘మా పిల్లగాడు పోయిండు’ అంటున్నది ఇంకొకళ్ల దగ్గర తెచ్చుకున్న పిల్లగాని గురించి.

నేను హన్మకొండల 17 ఏండ్లుగ పొద్దుగాల ఐదున్నరకు గ్రౌండ్‌ల ఉంటున్న. జీతం లేదు. తొమ్మిదేండ్ల పిల్లగాడొకడు చెప్పుల్లేకుండ వచ్చిండు. నా దగ్గరున్న పాత బూట్లు వానికి పెద్దగైతే ముందట పేపర్ కుక్కి లేసులు కట్టిన. బంతిని లోపలి పాదంతోని ఆపుడు నేర్పెతందుకే వానికి ఎనిమిది నెలలు పట్టింది. 14 ఏండ్లు నిండంగనే వేరే ఊరి అకాడమోళ్లు తీస్కపోయిర్రు. నాకు ఫోన్ కూడ చెయ్యలే. వాళ్ల పేజీల ఫోటో పెట్టి ‘మా పిల్లగాడు’ అని రాసుకున్నరు.

ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా రూలేమంటదో చూడుండ్రి. ఆటగాడు దేశం దాటి అమ్ముడుపోతే ఆ ధరల 5 శాతం తీసి, 12 నుంచి 23 ఏండ్ల దాక వాణ్ని తయారుచేసిన క్లబ్బులకు పంచాలె. 12 నుంచి 15 దాక ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 దాక ఏడాదికి 0.5 శాతం. పది కోట్లకు అమ్ముడుపోతే మొదటి నాలుగేండ్లు సాదినోళ్లకు పది లక్షలు. 2022 నవంబర్ నుంచి ఈ పైసలు పంచెతందుకు ఫిఫా క్లియరింగ్ హౌస్ కూడ పెట్టిర్రు. కానీ ఆ లెక్క రిజిస్టరైన క్లబ్బులకే. మా గ్రౌండ్ టీమ్ పేరు ఏ కాగితంల లేదు.

నిజామాబాద్_పది
మా జిల్లా తండా నుంచి గుగులోత్ సౌమ్య క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్ దాక పోయింది, కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఇక్కడనే ఉంచుకుంటే ఏమయ్యేది సార్? పోనియ్యాలె.

జేఎన్ఎస్_టచ్‌లైన్
పోవద్దని ఎవలన్నరమ్మా? అడిగి తీస్కపోవాలె అంటున్న.

గోదావరిఖని_లెఫ్ట్‌బ్యాక్
సార్, మీరు రాసింది రెండుసార్లు చదివిన. ‘అడిగి తీస్కపోవాలె’ అన్న మాట కాడ నాకు కడుపు మండింది.

2008ల నాకు 16 ఏండ్లు. హైదరాబాద్‌ల ఒక టీమ్ పిలిచింది, వాళ్లు పద్ధతిగనే అడిగిర్రు. మా కోచ్ అభ్యంతరం లేదనే కాగితం మీద సంతకం పెట్టలే. జిల్లా టోర్నీ అయినంక పెడ్త అన్నడు, నేను లేకుంటే లెఫ్ట్ సైడ్ ఖాళీ అయితదని. మా నాయిన నైట్ షిఫ్ట్ దిగి, ఇంటికి కూడ రాకుండ బొగ్గు బట్టల మీదనే పోయి ఆయన గేటు ముందట నిలబడ్డడు. రెండు దినాలు. లోపలికెళ్లి టీవీ చప్పుడు ఇనొచ్చింది కానీ ఎవలు బయటికి రాలే. టోర్నీ అయిపోయి సంతకం పెట్టేసరికి అక్కడ రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది. టోర్నీ గూడ మేం సెమీస్‌లనే ఓడిపోయినం.

ఆ కోచ్ గూడ ‘నేను సాదిన పిల్లగాడు’ అనే అన్నడు. మీరు పేపర్ కుక్కిన బూట్ల లెక్క చెప్తున్రు, మరి పిల్లగాని ఏండ్లకు లెక్క ఎవరు కడ్తరు?

జేఎన్ఎస్_టచ్‌లైన్
ఎవలో చేసిన పనికి నన్ను నిలబెట్టి అడుగుతున్నవ్. నేను ఒక్కని దగ్గర రూపాయి తీసుకోలే. మా ఇంట్లోళ్లు తిట్టినా గ్రౌండ్ ఇడ్సిపెట్టలే. నీకు తెలుసా ఆ బాధ?

గోదావరిఖని_లెఫ్ట్‌బ్యాక్
మీ బాధ కాదంటలేను. ఒక్కటే అడుగుత, సూటిగ చెప్పుండ్రి. మీరు ఎన్నడన్నా సంతకం ఆపిర్రా?

ఓరుగల్లు_రెడ్
అన్నా, పెద్దాయనను గట్ల అడుగుడు మంచిగ లేదు.

కోభమ్_కాజీపేట
అడగనీ. చెల్సీ గురించి మొదలుపెట్టింది నేనే, కానీ అసలు ముచ్చట గిదే.

జేఎన్ఎస్_టచ్‌లైన్
రాత్రంత ఆలోచించి రాస్తున్న. ఆపిన. ఒకసారి. 2015ల. రెండు వారాలు ఆపిన. వాడు పోతే మిగిలినోళ్లు గ్రౌండ్‌కు రారని భయపడ్డ. వానికి గడువు దాటలే, పోయిండు. కానీ మళ్ల ఎన్నడు నా గ్రౌండ్‌కు రాలే, పండుగకు ఊరికొచ్చినా రాలే.

ఇప్పుడు గూడ నా దగ్గర సంతకం పెట్టని కాగితం ఒకటి ఉన్నది. ఇంకో పిల్లగాడు, 13 ఏండ్లు. మా గ్రౌండ్‌ల ఏ తేదీ నుంచి ఏ తేదీ దాక ఆడిండో ఆ అకాడమోళ్లు రాసి, ముద్ర కొట్టి ఇయ్యాలె అన్న. నా హాజరు పుస్తకంల అన్ని తేదీలున్నయి. పైసలకు కాదు, మా పేరు ఎక్కడనన్న ఉండాల్నని.

సుబేదారి_రాత్రిమ్యాచ్
సార్, ముందు టీమ్‌ను జిల్లా సంఘంల రిజిస్టర్ చేద్దాం. ఈ పిల్లగానికి కాకున్నా తర్వాతోళ్లకు పనికొస్తది.

గోదావరిఖని_లెఫ్ట్‌బ్యాక్
మీరు అడిగింది న్యాయమే సార్. వాళ్లు రాసియ్యకపోతే ఏం చేస్తరు? గడువు ఎన్నడున్నది?

జేఎన్ఎస్_టచ్‌లైన్
వచ్చే శుక్రవారం. రేపు పొద్దుగాల ఆ పిల్లగాని నాయిన గ్రౌండ్‌కు వస్తనన్నడు.

గోదావరిఖని_లెఫ్ట్‌బ్యాక్
ఆయనను నిలబెట్టకుండ్రి సార్. కూసోబెట్టి మాట్లాడుండ్రి.