పెంపుడు సిల్కీ పెట్టకి ఇంట్లో స్నానం, తడి ఆరబెట్టడం – ఎవరైనా చేస్తున్నారా?

మూడో_అంతస్తు (మధురవాడ, విశాఖ):
అందరికీ నమస్తే. మా ఇంట్లో తెల్ల సిల్కీ పెట్ట (బొచ్చులాంటి ఈకలుండే కోడి జాతి) ఉంది, పేరు జున్ను. ఈ వారమంతా ముసురు పట్టి బాల్కనీ ఆరనే లేదు, దాని వెనకాల ఈకలకి రెట్ట అంటుకుని గట్టిగా ఉండలు కట్టేసింది, కత్తిరిద్దామంటే చర్మం తెగుద్దేమోనని భయం. అందుకని నిన్న గోరువెచ్చని నీళ్ళలో కూచోబెట్టి కొంచెం బేబీ షాంపూ వేసి కడిగాను. గోల చేస్తుందనుకుంటే హాయిగా కళ్ళు మూసుకుని కునికిపాట్లు పడింది. స్నానం బానే అయింది గానీ ఆరబెట్టడమే నరకం, ఇంట్లో తువ్వాళ్ళన్నీ తడిసిపోయాయి, హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఎంతసేపు కూచున్నా లోపల నూగు చెమ్మగానే ఉంది. మా అత్తగారేమో కోడికి నీళ్ళు పోస్తే కొక్కెర తెగులొచ్చి చస్తుంది అంటున్నారు. మీరెలగ ఆరబెడతారో చెప్పండి ప్లీజ్.

గాజువాక_గురూ:
ఉప్పు కారం పట్టించి పెనం మీద పెట్టండి, అదే ఆరిపోద్ది హహహ

మూడో_అంతస్తు:
ఈ జోకు వస్తుందని తెలిసే టైటిల్‌లో పెంపుడు అని రాశానండి.

పెరటికోడి (పెదవాల్తేరు):
కోడికి తలంటు పోయడం ఇన్నేళ్ళలో ఇదే వినడం. మా అమ్మ పెరట్లో ఎప్పుడూ కోళ్ళు తిరిగేవి, ఒక్కదానికీ మేం నీళ్ళు పొయ్యలేదు, ఒక్కటీ కంపు కొట్టలేదు. కోడి స్నానం మట్టిలో చేస్తదమ్మా. ఎండెక్కాక జామచెట్టు కింద గొయ్యి తవ్వుకుని పక్కకి ఒరిగి పడుకుని రెక్కల్తో దుమ్ము మీదకి ఎగజల్లుకుంటది, ఆ దుమ్ము ఈకల సందుల్లోకి దిగి ఎక్కువైన జిడ్డుని పీల్చేస్తది, పేలు నిలవవు, లేచి ఒక్క దులుపు దులుపుకుంటే అయిపోయింది. తోక మొదట్లో నూనె తిత్తి ఉంటది, ముక్కుతో అది నొక్కి ఆ నూనె ఒళ్ళంతా పూసుకుంటది. మీరు షాంపూ పెట్టి ఆ నూనె కాస్తా కడిగేసారు. ఆపైన డ్రయ్యరు! చెవి పక్కన అంత రొద పెడితే పక్షి గుండె ఆగిపోతది. డ్రయ్యరు మాత్రం తప్పే, ఎవరేం చెప్పినా తప్పే.

ఉప్పుగాలి (పెదగంట్యాడ):
తలంటు అని ఆవిడ ఎక్కడా రాయలేదు, వెనకాల కడిగాను అన్నారు, చదివి మాట్లాడదాం. మీ అమ్మగారి పెరట్లో తిరిగింది నాటుకోళ్ళు, ఇది సిల్కీ. మామూలు కోడి ఈక పీచులకి చిన్న చిన్న కొక్కేలుంటాయి, అవి ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే వాన పడినా నీళ్ళు జారిపోతాయి. సిల్కీకి ఆ కొక్కేలు లేవు, అందుకే ముట్టుకుంటే బొచ్చులాగ ఉంటుంది, కాస్త జల్లు పడినా చర్మం దాకా తడిసిపోతుంది. మీరు చెప్పిన నూనె దాన్ని అంత కాపాడదు.

రెట్ట అంటుకుని వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్పండి మరి. ఈగలు గుడ్లు పెడతాయి, పురుగులు పడితే బతికున్న కోడి కండే తినేస్తాయి. అందుకని కడగాల్సిందే.

అమ్మా మూడో అంతస్తు గారూ, నేను చేసేది చెప్తాను. పొద్దున్నే మొదలెట్టండి, సాయంత్రం అస్సలొద్దు. నీళ్ళు మెడ కిందవరకే, తల మీద పొయ్యకండి. కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీలుంటుంది, కాబట్టి మన చేతికి చల్లబడ్డాయి అనిపించిన నీళ్ళు దానికి ఇంకా చల్లన. ఉండల్ని లాగకండి, నాననిచ్చి వేళ్ళతో చిదిపితే వాటంతటవే ఊడొస్తాయి. సబ్బు మిగలకుండా వేరే టబ్బులో జాడించండి. తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు, రుద్దితే సిల్కీ ఈక చిక్కు పడిపోద్ది. డ్రయ్యరు తక్కువ వేడి మీద మూరెడు దూరంలో పెట్టి మీ చెయ్యి అడ్డం ఉంచండి, మీ చెయ్యి కాలితే దాని చర్మమూ కాలుతున్నట్టే. ఒక్కచోటే ఆపకండి. నోరు తెరిచి రొప్పిందంటే వెంటనే ఆపెయ్యాలి, కోడికి చెమట పట్టదు, వేడి ఎక్కువగా నోటిద్వారానే పోవాలి. మన ఊళ్ళో గాలిలోనే నీళ్ళుంటాయి కాబట్టి పైన ఆరినట్టుంటది గానీ లోపల ఆరదు, ఈకలు విడదీసి చర్మం చూడండి. తలుపులేసి గదిలోనే ఉంచండి, ఫ్యాను మాత్రం వెయ్యకండి.

వాల్తేరు_వదిన:
మా అమ్మమ్మ పొదగడం మానని పెట్టని చన్నీళ్ళలో ముంచి గంప కింద పెట్టేది. చావలేదు, మళ్ళీ గుడ్లు పెట్టింది.

పుంజుల_పిచ్చి (భీమిలి):
నీళ్ళు తగలకూడదు అన్నది తప్పు మాట. సంక్రాంతి పుంజుల్ని చెరువులో ఈత కొట్టిస్తారు, వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెడతారు, ఎండలో ఆరబెడతారు. డేగ పుంజు అయినా కాకి పుంజు అయినా అంతే.

గాజువాక_గురూ:
తర్వాత కాళ్ళకి కత్తి కూడా కడతారు, అది చెప్పవేం గురూ

గరివిడి_బ్యాచ్:
నేను గరివిడిలో వెటర్నరీ చదువుతున్నాను, ఇంకా డాక్టర్‌ని కాదు. కొక్కెర తెగులు అంటే రాణిఖెట్, అది వైరస్ వల్ల వస్తుంది, స్నానం వల్ల రాదు. మీ అత్తగారికి అంతవరకు ధైర్యం చెప్పొచ్చు. కానీ తడిసి చలి పట్టిన కోడి నీరసిస్తుంది, నీరసంగా ఉన్నదానికి ఏదైనా తేలిగ్గా అంటుకుంటుంది, కాబట్టి పెద్దావిడ భయం మరీ గాల్లోంచి ఊడిపడలేదు. రాణిఖెట్ రాకుండా వేసే లసోటా టీకా వేయించారా?

అసలు రెట్ట ఎందుకలా అంటుకుంటోందో ఎవరూ అడగట్లేదు. కడుపులో పురుగులు కావచ్చు, మేత మారి ఉండొచ్చు, రెట్ట వేసే ద్వారం దగ్గర ఇన్ఫెక్షన్ కావచ్చు. అది తేల్చకపోతే ప్రతి వారం కడుగుతూనే ఉంటారు. ఇంకోటి, కొన్ని డ్రయ్యర్లలో లోపల టెఫ్లాన్ లాంటి నాన్‌స్టిక్ పూత ఉంటుంది, అది మితిమీరి వేడెక్కితే వచ్చే పొగ పక్షులకి ప్రాణాంతకం. నాన్‌స్టిక్ పెనం మాడినా అంతే. మీ డ్రయ్యర్‌లో ఏముందో చూసుకోండి. వంటింటి సింకులో మాత్రం కడగొద్దు, సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఉంది, పిల్లలుంటే చేతులు సబ్బుతో కడిగించండి.

పెరటికోడి:
చూసారా! డ్రయ్యరు విషం అని డాక్టరుబాబే చెప్పాడు. ఇందాకట్నించీ నేను చెప్పేది అదే కదా.

గరివిడి_బ్యాచ్:
సార్ నేను అలా అనలేదు. డాక్టర్‌ని కూడా కాదు.

పెరటికోడి:
ఏదోలే. ఆరకపోతే ఒంటినిండా బూడిద జల్లండి, తేమంతా లాగేస్తది, కరెంటు ఖర్చు లేదు.

ఉప్పుగాలి:
బాబూ తడి ఒంటి మీద బూడిద వద్దు! కట్టెల బూడిద నీళ్ళతో కలిస్తే క్షారం, పూర్వం దాంతోనే బట్టలు ఉతికేవారు. చర్మం మండిపోద్ది. ఒళ్ళు పూర్తిగా ఆరాక పొడి మట్టిలో కొంచెం కలిపి పెడితే పేలకి మంచిదే.

బీచ్‌రోడ్_బండి:
ఆర్కే బీచ్ ఇసక ఓ గోనెడు తెచ్చి టబ్బులో పొయ్యండి, అదే పొర్లుతది

ఉప్పుగాలి:
సముద్రపు ఇసకలో ఉప్పుంటుంది, కోడి పొర్లుతూ పొర్లుతూ తింటుంది కూడా, ఎక్కువ ఉప్పు దానికి పడదు. పైగా ఉప్పు గాలిలో తేమ లాక్కుంటుంది, ఎప్పటికీ పొడిగా ఉండదు.

మూడో_అంతస్తు:
అందరికీ థాంక్స్. టీకా వేయించామండి. మేత పోయిన నెల మార్చాం, అదే కారణం కావచ్చు, పాతదే తెస్తాను. డ్రయ్యర్ కంపెనీ వాళ్ళని పూత సంగతి అడుగుతాను. పెరటికోడి గారూ, మీరు చెప్పిన మట్టి స్నానం బావుంది గానీ మాది మూడో అంతస్తు, బాల్కనీ అంతా టైల్స్, జామచెట్టు ఎక్కణ్ణించి తేను?

పెరటికోడి:
అదీ! ఇప్పుడొచ్చింది అసలు మాట. మట్టి లేని చోట కోడిని తెచ్చి పెట్టారు, మట్టి లేదు కాబట్టి జిడ్డు, జిడ్డు కాబట్టి షాంపూ, షాంపూ కాబట్టి డ్రయ్యరు, రేపు దానికి దుప్పటి కూడా కొంటారు. దాని పని దాన్ని చేసుకోనిస్తే మీకీ బాధ లేదు, దానికీ లేదు. ఫ్లాట్‌లో కోడి ఏటండీ అసలు?

మూడో_అంతస్తు:
అంటే మీ గొడవ డ్రయ్యర్ గురించి కాదన్నమాట. ఫ్లాట్లో ఉన్నవాళ్ళు ప్రాణమున్నదేదీ పెంచకూడదు, అంతేగా? మా పక్కింటాయన కూడా ఇదే పాట, కోడి కంపు అని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రోజూ మెసేజ్. ఆయన హస్కీ కుక్క విశాఖపట్నం ఎండకి ఏసీ లేకుండా ఉండలేదు, అది మాత్రం హోదా. ఆ కంపు మాట పడలేకే కదా నేను ముసుర్లో స్నానం పోసింది.

పెరటికోడి:
అసోసియేషన్ సంగతి నాకు చెప్పకమ్మా. పెదవాల్తేరులో మా నాన్న కట్టిన పెంకుటిల్లు, వెనక పెరడు, బావి, అన్నీ మా అన్నదమ్ములు బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చేసారు. నేను సంతకం పెట్టింది కోళ్ళకి కింద సెల్లారు పక్కన గూడు కట్టుకోనిస్తాం అన్నారని. తాళాలిచ్చాక కార్ పార్కింగ్ అన్నారు, మొదటి మీటింగులోనే కోళ్ళు కూడదని తీర్మానం. నా ఇంటి స్థలంలో నన్నే. బాల్కనీలో పెట్టుకోవచ్చుగా అని మా ఆవిడ అంది, నేనే ఒప్పుకోలేదు, సిమెంటు మీద వాటిని ఏడిపించడం ఇష్టం లేక మొత్తం ఎస్.కోట దగ్గర మా చెల్లెలి తోటకి పంపించేసాను. మీరు అదే పని చేసి దానికి ముద్దు పేరు పెట్టుకుంటే నాకు మండదా?

వాల్తేరు_వదిన:
అన్నయ్యగారూ మీ బాధ న్యాయమే గానీ ఆవిడేం చేసింది పాపం

మూడో_అంతస్తు:
మీకు మీ అన్నదమ్ముల మీద కోపం ఉంటే అక్కడ చూసుకోండి. జున్నుని తోటకి పంపమంటారా? సిల్కీ ఎగరలేదు, తల మీద జుట్టు కళ్ళకి అడ్డం, ముంగిస వచ్చినా కనపడదు. పంపిన మర్నాడే మీ ఫోన్‌కి ఈకల ఫోటో వస్తుంది. అది నా దగ్గర బతికుంది.

పెరటికోడి:
బతికుండటం వేరు. సరే ఒక్కటి చెప్పండి, మీ ఇంట్లో ఎన్ని కోళ్ళున్నాయి?

మూడో_అంతస్తు:
ఒక్కటే.

పెరటికోడి:
ఒక్కటే! గుంపులో బతికే పక్షి అది. పక్కన ఇంకోటి పడుకుంటే గానీ నిద్రపట్టదు, ఒకటి పొర్లితే రెండోది వచ్చి పొర్లుద్ది. రోజంతా మీరు ఆఫీసులో, పిల్లలు స్కూల్లో, అది టైల్స్ మీద గోడ చూసుకుంటూ. నీళ్ళలో పెడితే కళ్ళు మూసుకుందని మురిసిపోతన్నారు.

మూడో_అంతస్తు:
మా అత్తగారు రోజంతా ఇంట్లోనే ఉంటారు, టీవీ చూసినంతసేపూ అది ఆవిడ ఒళ్ళోనే. రెండోది తెస్తే పక్కింటాయన కేసు పెడతాడు. మీరొచ్చి మాట్లాడతారా ఆయన్తో?

ఉప్పుగాలి:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఒక్క కోడి విషయంలో మాత్రం ఆయన మాటతో నేనూ ఏకీభవిస్తాను. ఫ్లాట్ విషయంలో కాదు, నేను మేడ మీదే పెంచుతున్నాను, మట్టి కింద నుంచి మోసుకెళ్ళాను, అంతే తేడా. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో జల్లించిన ఎండు ఎర్రమట్టి జానెడు ఎత్తు పోసి వాన పడని మూల పెట్టండి, పైన కొంచెం బూడిద. పొర్లడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. మడమల దాకా దుమ్ము వస్తుంది ఇల్లంతా, అది ముందే చెప్తున్నా.

మూడో_అంతస్తు:
ఆదివారం పెడతాను. కానీ ఉండలు కడితే మళ్ళీ కడుగుతాను, డ్రయ్యరూ వాడతాను, ఎవరేమనుకున్నా.

పెరటికోడి:
ఎర్రమట్టి ఆనందపురం వైపు బాగుంటది, రోడ్డు పక్కది తీసుకోకండి, ఆయిలుంటది. రెండో పెట్ట తెచ్చేదాకా నేను ఒప్పుకోను.

మూడో_అంతస్తు:
మీరు ఒప్పుకోవాలని నేను అడగలేదండి. బూడిద ఎక్కడ దొరుకుతుంది? మా వీధిలో అందరిదీ గ్యాసే.

బీచ్‌రోడ్_బండి:
మాది మొక్కజొన్న పొత్తుల బండి, రాత్రి కట్టేసేసరికి బక్కెట్టు నిండుద్ది, ఉత్త బొగ్గులే, కిరసనాయిలు పొయ్యం. డబ్బా తెచ్చుకోండి. వానరోజు బండి పెట్టం, చూసుకు రండి.