జవాను పతకం ఎవరింట్లో ఉండాలి? భార్య దగ్గరా, కన్నవాళ్ల దగ్గరా?

నాగావళి గట్టు:
2023లో సియాచిన్ అగ్నిప్రమాదంలో తోటివాళ్లను కాపాడి కన్నుమూసిన కెప్టెన్ అంశుమాన్ సింగ్ గుర్తున్నాడా? మరుసటి ఏడాది ఆయనకిచ్చిన శౌర్య పతకం కీర్తి చక్రను భార్య, తల్లి కలిసి అందుకున్నారు. కొద్దిరోజులకే తల్లిదండ్రులు 'నెక్స్ట్ ఆఫ్ కిన్' (సైన్యం రికార్డుల్లో అందరికంటే దగ్గరివాళ్లుగా రాసుకునే మనిషి) నిబంధనలు మార్చాలంటూ టీవీల ముందుకొచ్చారు. నా ఓటు కన్నవాళ్లకే. తెల్లారకముందే కొడుకుని లేపి కోడి రామ్మూర్తి స్టేడియంలో పరుగుకి దింపింది ఎవరు? కోడలు రేపు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పతకం ఎవరింటికి పోతుంది?

మాజీ హవల్దార్, చీపురుపల్లి:
పెళ్లికి ముందు రికార్డుల్లో అమ్మానాన్నలు, పెళ్లయ్యాక భార్య. నెక్స్ట్ ఆఫ్ కిన్ అంటే అదే బాబూ. ఫ్యామిలీ పెన్షన్ కూడా ముందు ఆమెకే. గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు మాత్రం ఇద్దరికీ పంచి రాయొచ్చు. పతకాన్ని ముక్కలు చెయ్యలేం కదా.

బొబ్బిలి కోడలు:
'మళ్లీ పెళ్లి చేసుకుంటే' అన్న మాట దగ్గరే నాకు మండుతుంది. శౌర్య పతకంతో వచ్చే నెలవారీ భత్యానికీ ఒకప్పుడు ఇదే పేచీ. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, చనిపోయినవాడి అన్ననో తమ్ముణ్ణో చేసుకుంటే మాత్రం వచ్చేది! 2017 నవంబరులో ఆ షరతు తీసేశారు. ఢిల్లీ వదిలేసినా మన వీధి అరుగులు వదలట్లేదు. సెలవు అయిపోయి రైలెక్కించి వచ్చాక, వేళకాని వేళ ఫోన్ మోగితే గుండె జారిపోయేది ఎవరికండీ?

నాగావళి గట్టు:
అమ్మకి జారదా?

కోరుకొండ పాత విద్యార్థి:
మా విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన కల్నల్ సంతోష్ బాబు సంగతి చూడండి. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్‌లో చైనా సైనికులతో తలపడి, తీవ్రంగా గాయపడి కూడా ముందుండి నడిపించారు. ఆ రాత్రి పోరులో మనవాళ్లు 20 మంది పోయారు. 2021 నవంబరులో ఆయన మహావీర్ చక్రను తల్లి, భార్య పక్కపక్కన నిలబడి తీసుకున్నారు. సూర్యాపేట ఆయన సొంతూరు, కానీ మేమూ మావాడనే చెప్పుకుంటాం. ఇద్దరినీ పిలిచే పద్ధతి ఉండగా 'ఎవరిది' అన్న తగువు మనం పెట్టుకున్నదే.

నాగావళి గట్టు:
కలిసి అందుకున్నారు, బాగుంది. ఇంటికొచ్చాక ఎవరి బీరువాలో పెడతారో అదీ చెప్పండి.

మాజీ హవల్దార్, చీపురుపల్లి:
సర్వీసులో ఉన్న కుర్రాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈ సెలవులోనే నామినేషన్ కాగితాలు తీసి చూసుకోండి. ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నల వాటా ఎంతో భార్యకి చెప్పే రాయండి. ఇలాంటి తగవుల్లో సగం డబ్బు దగ్గరే మొదలై, తర్వాత పతకం మీదకి వస్తాయి.

బొబ్బిలి కోడలు:
అత్తగారికి ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి తిప్పేది కూడా చాలా ఇళ్లలో ఆ కోడలే. వాటాల లెక్కలో అది కూడా వెయ్యండి.

నాగావళి గట్టు:
వేస్తాను. ఓటు మాత్రం మార్చను.